పగలు టీవీ, రాత్రి తెర: మధ్య స్పీకర్‌కి మోటారు లిఫ్టు ఎందుకు?

క్లుప్తంగా: ఒకే గోడకు టీవీ, దాని ముందు దిగే ప్రొజెక్టర్ తెర పెట్టుకున్న ఇళ్లలో సెంటర్ స్పీకర్‌కి సరైన చోటు దొరకదు. సినిమా వేసినప్పుడు టీవీ ముందుకు లేచి, అయిపోయాక కిందికి దిగే మోటారు లిఫ్టు ఇందుకు ఒక దారి. ఇందులో బరువు లేపడం తేలికైన పని. గోడకీ తెరకీ మధ్య జాగా, వంకర పోకుండా నడిపే పట్టాలు, ఆగాల్సిన చోట ఆగడం, వేళ్లు నలగకుండా చూడటం కష్టమైన పనులు. చాలా ఇళ్లలో స్పీకర్‌ని కాస్త పైకి వాల్చితేనే సగం సమస్య తీరిపోతుంది కాబట్టి ఆ పరీక్ష ముందు చేయాలి.

## మాట మోకాళ్ల దగ్గర నుంచి వస్తుంటే

సినిమా పెట్టగానే రిమోట్ చేతిలోంచి దిగని ఇళ్లు చాలానే ఉన్నాయి. హీరోయిన్ మెల్లగా ఏదో అంటుంది, వినపడదు, సౌండ్ పెంచుతారు. మరుక్షణం ఫైట్ మొదలవుతుంది, పక్క ఫ్లాట్ వాళ్లు గుర్తొచ్చి తగ్గిస్తారు. తెలుగు సినిమాకే ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ వేసుకుని చూసేవాళ్లూ ఉన్నారు. సినిమా మిక్సింగ్ తీరు దీనికి ఒక కారణం. నున్నటి టైల్స్, గాజు కిటికీలు, ఖాళీ గోడలున్న హాలు మరో కారణం. మూడో కారణం ఎవరి కంటా పడదు: మాటలు పలికే స్పీకర్ మోకాళ్ల ఎత్తులో, టీవీ యూనిట్ అరలో ఇరుక్కుని ఉండటం.

5.1 హోం థియేటర్లో ముందు మూడు స్పీకర్లు, వెనక పక్కల్లో రెండు, దడదడల కోసం ఒక సబ్‌వూఫర్ ఉంటాయి. ముందున్న మూడింటిలో మధ్యది సెంటర్ స్పీకర్. సినిమా సంభాషణల్లో ఎక్కువ భాగం దీని వాటాకే వస్తుంది.

ఎడమ, కుడి స్పీకర్లలో ఒకే శబ్దం సమానంగా వేస్తే మధ్య నుంచి వచ్చినట్టే వినపడుతుంది కదా, మూడోది దేనికని అనిపించవచ్చు. సరిగ్గా మధ్యలో కూర్చున్న మనిషికి అది నిజమే. సోఫా చివర కూర్చున్నవాళ్లకు దగ్గరి స్పీకర్ శబ్దం ముందుగా చేరుతుంది, మెదడు ముందుగా చేరినదానికే ఓటేస్తుంది. హెల్ముట్ హాస్ అనే శాస్త్రవేత్త దీన్ని కొలిచి చూపించాడు, అందుకే దీన్ని హాస్ ఎఫెక్ట్ అంటారు. అంటే సోఫా చివర ఉన్న అమ్మమ్మకు నటుడు తెర మధ్యలో కనిపిస్తాడు, మాట మాత్రం పక్క డబ్బాలోంచి వస్తుంది. మధ్యలో కూర్చున్నా ఒక లోటు మిగులుతుంది. ఎడమ స్పీకర్ శబ్దం కుడి చెవికి ఒక సెకనులో సుమారు నాలుగు వేలవ వంతు ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడా వల్ల 2,000 హెర్ట్జ్ దగ్గర రెండు శబ్దాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. హల్లుల స్పష్టతకు ముఖ్యమైన ప్రాంతం అదే.

1933 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలో వాయించిన ఆర్కెస్ట్రాని తీగల మీద వాషింగ్టన్ హాలుకు పంపి వినిపించినప్పుడు అమెరికా టెలిఫోన్ పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్ ఇంజినీర్లు మూడు చానళ్లు వాడారు. సినిమా హాళ్లు కూడా అదే దారి పట్టాయి, స్పీకర్లను ఏకంగా తెర వెనకే పెట్టాయి. శబ్దం దాటి రావడానికి తెరకు సన్నటి రంధ్రాలు పెట్టే పద్ధతి టాకీల కాలం నాటిదే. హాలును ఇప్పటికీ టాకీసు అనే ఊళ్లలో తెర దగ్గరికెళ్లి చూసిన పిల్లలందరికీ ఆ చుక్కలు తెలుసు. థియేటర్లో నటుడి నోట్లోంచే మాట వస్తున్నట్టు ఉండటానికి కారణం ఆ చుక్కలే.

## తేడా ఎంత?

లెక్క వేస్తే సంగతి తేలుతుంది. సోఫాలో కూర్చున్న మనిషి చెవి నేల నుంచి సుమారు 100 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. 45 సెం.మీ. ఎత్తున్న టీవీ యూనిట్ మీద 20 సెం.మీ. మందం ఉన్న సెంటర్ స్పీకర్ పెడితే దాని మధ్యభాగం 55 సెం.మీ. దగ్గర ఉంటుంది. 3 మీటర్ల దూరం నుంచి చూస్తే చెవి మట్టం కన్నా 8 లేదా 9 డిగ్రీలు కింద. అదే స్పీకర్‌ని యూనిట్ లోపలి అరలోకి తోస్తే మధ్యభాగం 25 సెం.మీ. దగ్గరికి పడిపోతుంది, కోణం 14 డిగ్రీలవుతుంది.

పక్కలకు జరిగిన శబ్దాన్ని చెవి పసిగట్టినంత బాగా పైకీ కిందికీ జరిగినదాన్ని పసిగట్టలేదు. పైగా కంటికి నటుడి మూతి కనిపిస్తుంటే మెదడు మాటను అక్కడికే లాగేస్తుంది. అందువల్ల 8 డిగ్రీల తేడాను చాలామంది పట్టించుకోరు. అది బయటపడేది శబ్దం తెర మీద కదిలినప్పుడు. ఎడమ నుంచి కుడికి ఆటో వెళ్తుంటే, మధ్యలో గుంతలోకి దిగి మళ్లీ ఎక్కినట్టు వినపడుతుంది.

అరలో దూర్చడం వల్ల వచ్చే నష్టం వేరు. చుట్టూ ప్లైవుడ్ గోడలుంటే కింది స్వరాలు ఉబ్బిపోయి, మనిషి కుండలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. అందరూ ఎత్తు తప్పు అనుకునేదాంట్లో కొంత వాటా నిజానికి అరదే.

ఇంకో తప్పు స్పీకర్ ఆకారంలోనే ఉంది. మార్కెట్లో దొరికే సెంటర్ స్పీకర్లు అడ్డంగా పడుకుని ఉంటాయి: మధ్యలో పై స్వరాలు పలికే చిన్న ట్వీటర్, అటూ ఇటూ కింది స్వరాలు పలికే రెండు వూఫర్లు. టీవీ కింద పట్టాలి కాబట్టి ఆ రూపం. వూఫర్ల మధ్య దూరం 35 సెం.మీ. అనుకుంటే, నేరుగా ఎదురుగా కాకుండా 19 డిగ్రీలు పక్కన కూర్చున్న మనిషికి ఒక వూఫర్ శబ్దం రెండోదానికన్నా 11 సెం.మీ. పైగా ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది. 1,500 హెర్ట్జ్ తరంగం పొడవులో అది సరిగ్గా సగం. రెండూ కొట్టుకుని అక్కడ మాట పల్చబడుతుంది. 3 మీటర్ల దూరంలో 19 డిగ్రీలంటే మధ్య నుంచి ఒక మీటరు పక్కకు, అంటే సోఫాలో పక్క సీటే. ఎడమ కుడి స్పీకర్ల లాంటిదే మరొకటి నిలువుగా పెట్టగలిగితే ఈ గొడవ ఉండదు. లిఫ్టు ఆ అవకాశం ఇస్తుంది. దాని అసలు లాభం ఎత్తు కన్నా ఇదేనని చెప్పవచ్చు.

## లిఫ్టు ఎవరికి, వాల్చడం ఎవరికి

లిఫ్టు ఆలోచన ఎక్కువగా పుట్టేది ఒక ప్రత్యేకమైన అమరికలో. గోడకు 55 అంగుళాల టీవీ ఉంటుంది. పగలు వార్తలు, సాయంత్రం సీరియళ్లు దాని మీదే. రాత్రి సినిమాకి సీలింగ్ లోంచి 100 అంగుళాల తెర దిగి టీవీని కప్పేస్తుంది. 16:9 కొలతలో ఆ తెర వెడల్పు సుమారు 221 సెం.మీ., ఎత్తు 125 సెం.మీ. శబ్దం దాటే తెర అయితే స్పీకర్ దాని వెనకే ఉండాలి. తెర వెనక ఉన్నదేమో టీవీ. అందుకని తెర దిగినప్పుడే స్పీకర్ టీవీ ముందుకు లేవాలి, టీవీ చూసేటప్పుడు కనబడకూడదు.

టీవీ ఒక్కటే ఉన్న ఇంట్లో లిఫ్టు వృథా. లేచిన స్పీకర్ బొమ్మకే అడ్డు వస్తుంది. అక్కడ స్పీకర్‌ని అర అంచు వరకు ముందుకు లాగి, ముందు భాగం కింద రెండు రబ్బరు ముక్కలు పెట్టి ట్వీటర్ చెవి వైపు చూసేలా వాల్చితే చాలు. ఖర్చు దాదాపు లేదు. స్వరం తేటపడుతుంది, కుండ మోత తగ్గుతుంది. ఎత్తు మారదు.

సాఫ్ట్‌వేర్ దారులూ ఉన్నాయి. యమహా రిసీవర్లలో (శబ్దాన్ని స్పీకర్లకు పంచే యాంప్లిఫయర్ పెట్టెల్లో) డైలాగ్ లిఫ్ట్ అనే ఏర్పాటు సెంటర్ శబ్దంలో కొంత పైనున్న స్పీకర్లకు పంచి మాటను పైకి జరిపినట్టు చేస్తుంది. దానికి ముందు వైపు ఎత్తులో స్పీకర్లు ఉండాలి. సోనీ 2017లో తెచ్చిన ఏ1 ఓఎల్ఈడీ టీవీ తెర గాజునే కంపింపజేసి శబ్దం పుట్టించింది. ప్రొజెక్టర్ తెర దిగాక ఆ కిటుకు వల్ల ఉపయోగం తక్కువ.

మోటారు కొనే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. స్పీకర్‌ని ఒక స్టూలు మీద, లేవాల్సిన ఎత్తులో పెట్టి, తెర దించి వారం రోజులు సినిమాలు చూడాలి. తేడా తెలియకపోతే మోటారు డబ్బులు మిగిలినట్టే.

## గోడ దగ్గర జాగా లెక్క

ఈ పని మోటారు వల్ల ఆగిపోవడం అరుదు, జాగా వల్ల ఆగిపోవడం మామూలు. టీవీ, దాని వెనక బ్రాకెట్ కలిపి 12 సెం.మీ. దాకా తింటాయి. స్పీకర్ లోతు 25 సెం.మీ., వెనక వైరు మలుపుకు మరో 5. స్పీకర్‌కీ తెరకీ మధ్య కనీసం 5 సెం.మీ. ఉండాలి. స్పీకర్ మరీ ఆనుకుని ఉంటే తెర నుంచి వెనక్కి తిరిగొచ్చే శబ్దం అసలు శబ్దంతో కలిసిపోతుంది, బేస్‌కి గుడ్డ కదిలితే బొమ్మ కూడా అలలాడుతుంది. కూడితే 47 సెం.మీ. అంటే తెర గోడ నుంచి అడుగున్నర ముందుకు వస్తుంది. 12 అడుగుల గదిలో అది పెద్ద కోత. స్పీకర్లు కొన్నాక, తెర బిగించాక ఈ లెక్క వేసేవాళ్లే ఎక్కువ. ఫాల్స్ సీలింగ్ చేయించేటప్పుడే తెర పెట్టె ఎక్కడ రావాలో గీసి ఇవ్వడం దీనికి మందు.

వెనక గాలి రంధ్రం ఉన్న స్పీకర్లు టీవీ గాజును దాదాపు ఆనుకుంటాయి కాబట్టి రంధ్రం ముందు వైపు ఉన్నవీ, అసలు లేనివీ మేలు. వెలుతురు సంగతి కూడా ఉంది. శబ్దం దాటే తెరలోంచి కొంత వెలుతురూ దాటుతుంది. వెనక నిగనిగలాడే టీవీ గాజు, తళుక్కుమనే స్పీకర్ లోగో ఉంటే అవి దాన్ని తిరిగి తెర మీదికి కొడతాయి. లేచిన స్పీకర్ ముఖం, దాన్ని మోసే ప్లాట్‌ఫాం అంచులు మాట్ నలుపులో ఉండటానికి, టీవీ మీద నల్ల గుడ్డ వేయడానికి కారణం ఇది.

నిలువు జాగా మరో చిక్కు. యూనిట్ మీద బయటికి కనబడే స్పీకర్‌ని చెవి మట్టానికి లేపాలంటే 45 సెం.మీ. ప్రయాణం చాలు. పూర్తిగా యూనిట్ లోపల దాచాలంటే 75 సెం.మీ. కావాలి. దాచాలన్న కోరిక ఖరీదు ఆ అదనపు 30 సెం.మీ. లీనియర్ యాక్చుయేటర్ అంటే మోటారుతో గొట్టంలోంచి రాడ్డును బయటికి తోసి, మళ్లీ లోపలికి లాగే పరికరం. అది ముడుచుకున్నప్పుడు దాని పొడవు ప్రయాణం కన్నా 10 సెం.మీ.కి పైగా ఎక్కువే ఉంటుంది. 75 సెం.మీ. ప్రయాణానికి దాదాపు 90 సెం.మీ. గొట్టం. 45 సెం.మీ. యూనిట్లో అది పట్టదు. కాబట్టి ప్రయాణాన్ని రెండింతలు చేసే గిలక ఏర్పాటో, ఒకదానిలోంచి ఒకటి జారే గొట్టాలో, కత్తెర లిఫ్టో వెతుక్కోవాలి.

## జాకీ పాఠం

ఇందులో భయపడనక్కరలేనిది కరెంటు. స్పీకర్ 15 కిలోలు, ప్లాట్‌ఫాం 5 కిలోలు అనుకుంటే 20 కిలోలను 45 సెం.మీ. లేపడానికి 88 జౌళ్ల శక్తి చాలు. 30 సెకన్లలో లేపితే 3 వాట్లు. స్క్రూ రాపిడిలో, గేర్లలో పోయేదంతా కలిపినా 20 వాట్ల చుట్టుపక్కలే. పాత సీలింగ్ ఫ్యాన్ ఇంతకు మూడు రెట్లకు పైగా తాగుతుంది.

లేపడం కన్నా పట్టి ఉంచడం ముఖ్యం. కరెంటు పోయినా స్పీకర్ దబ్బున దిగకూడదు. కారు జాకీ దీనికి మంచి ఉదాహరణ. హ్యాండిల్ వదిలేసినా కారు కిందికి జారదు, ఎందుకంటే స్క్రూ మరల వాలు చాలా తక్కువ. బరువు ఎంత నొక్కినా రాపిడిని గెలిచి స్క్రూని వెనక్కి తిప్పలేదు. లిఫ్టులో స్క్రూ కూడా ఆ జాతిదే కావాలి.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. త్రీడీ ప్రింటర్ విడిభాగాలమ్మే షాపుల్లో 8 మి.మీ. మందం స్టీలు స్క్రూ, ఇత్తడి నట్టు చవగ్గా దొరుకుతాయి. వాటిలో బాగా చలామణీలో ఉన్న రకం ఒక్క చుట్టు తిరిగితే నట్టు 8 మి.మీ. కదులుతుంది. అచ్చం అలాగే కనిపించే ఇంకో రకంలో చుట్టుకు 2 మి.మీ. కదులుతుంది. స్క్రూ చుట్టుకొలత సుమారు 22 మి.మీ. మొదటిది 22 అడుగులు నడిస్తే 8 అడుగులు ఎక్కే వాలు, రెండోది 22కి 2 ఎక్కే వాలు. మొదటిదాని మీద బరువు పెట్టి మోటారు ఆపితే స్క్రూ తనంతట తానే గిర్రున తిరిగి నట్టు దిగిపోతుంది. రెండోది సాధారణంగా నిలబడుతుంది. నట్టు లోపల గోళీల మీద నడిచే బాల్ స్క్రూలు మరీ నున్నగా ఉంటాయి కాబట్టి బ్రేకు లేకుండా నిలువు పనికి పనికిరావు.

అదే 8 మి.మీ. స్క్రూకి ఇంకో బలహీనత ఉంది. 70 సెం.మీ. పొడవున నిలబెట్టి, రెండు చివర్లా మామూలు బేరింగులు పెట్టి, కింది నుంచి 20 కిలోలు మోయిస్తే అది వంగే హద్దుకు దగ్గరగా వచ్చినట్టే. సన్నటి పుల్లను నేలకు ఆనించి పై నుంచి నొక్కితే విల్లులా వంగుతుంది, అదే పుల్లను పట్టుకుని లాగితే వంగదు. అందుకే బరువు మోసే బేరింగ్ పైచివర పెట్టి స్క్రూని వేలాడదీస్తారు. మందం 12 మి.మీ.కి పెంచినా సరిపోతుంది.

కత్తెర లిఫ్టు తక్కువ జాగాలో ముడుచుకుంటుంది కాబట్టి ఆకర్షణ ఎక్కువ. దాని లోటు కూడా జాకీయే చెబుతుంది. జాకీ పూర్తిగా కిందికి ఉన్నప్పుడు మొదటి చుట్లు ఎంత బిగువుగా ఉంటాయో తిప్పినవాళ్లకు తెలుసు. కత్తెర కాళ్లు నేలతో 10 డిగ్రీల కోణంలో ఉన్నప్పుడు, అడుగున అడ్డంగా నెట్టే మోటారు అసలు బరువుకు 5.7 రెట్లు తోయాలి. 20 కిలోలకు 113 కిలోల తోపు. కాళ్లు 45 డిగ్రీలకు వచ్చేసరికి 20 కిలోలే చాలు. ఆ మొదటి క్షణం కోసమే పెద్ద మోటారు కొనాల్సి వస్తుంది.

ఎత్తు మార్చుకునే ఆఫీసు టేబుళ్ల కాళ్లు ఈ మధ్య విడిగా దొరుకుతున్నాయి. వాటిలో మోటారు, స్క్రూ, పట్టా, కంట్రోలర్ అన్నీ ఒకే గొట్టంలో ఉంటాయి, మోయగలిగే బరువు కూడా స్పీకర్‌కి కావాల్సినదానికన్నా చాలా ఎక్కువ. ముడుచుకున్నా 60 సెం.మీ. చుట్టుపక్కల ఉండటమే వాటి ఇబ్బంది. యూనిట్ వెనక ఆ ఎత్తు దాచగలిగితే సొంతంగా స్క్రూలు కట్టడం కన్నా ఇది నమ్మకమైన దారి.

## సొరుగు ఇరుక్కునే జబ్బు

పాత చెక్క బీరువా సొరుగును ఒక మూల పట్టి లాగితే ఏమవుతుందో అందరికీ తెలుసు. అడ్డం తిరిగి ఇరుక్కుంటుంది. మధ్యలో పట్టి లాగితే సాఫీగా వస్తుంది. లిఫ్టుకీ అదే జబ్బు. దీనికి మెకానిక్‌ల దగ్గర ఒక కొండగుర్తు ఉంది: తోసే చోటు పట్టా నుంచి ఎంత దూరంలో ఉందో, ఆ దూరం ఆ పట్టా మీది రెండు బేరింగుల మధ్య ఎడానికి రెండింతలు మించకూడదు. 60 సెం.మీ. వెడల్పు ప్లాట్‌ఫాంకి ఒక అంచున పట్టా ఉండి, మధ్యలో స్క్రూ తోస్తుంటే ఆ దూరం 30 సెం.మీ. బేరింగులు ఒకదానిపై ఒకటి 12 సెం.మీ. ఎడంలో ఉంటే రెండున్నర రెట్లు, ఇరుక్కుంటుంది. 20 సెం.మీ. ఎడంలో పెడితే ఒకటిన్నర రెట్లు, నడుస్తుంది. ఆ 20 సెం.మీ. మళ్లీ యూనిట్ ఎత్తులోంచే పోవాలి. ప్రతి పరిష్కారం ఇంకో చోట జాగా అడగడం ఈ పనిలో ఉన్న అసలు విసుగు.

కార్పెంటర్‌కి ఈ పని చెబితే మొదట తీసేది సొరుగులకు వాడే టెలిస్కోపిక్ చానల్. చేతిలో ఉన్నదీ, తెలిసినదీ అదే. వాటి మీద రాసి ఉండే కిలోలు అడ్డంగా బిగించినప్పటి లెక్క. నిలువుగా వాడితే లోపలి గోళీల వరుస వాడుతున్నకొద్దీ కిందికి జరిగిపోతుంది, కొన్ని నెలలకు చానల్ పూర్తిగా తెరుచుకోదు. తేలికైన స్పీకర్‌కి, తక్కువ ప్రయాణానికి పని నడవచ్చు. 15 కిలోలకు మాత్రం 12 లేదా 16 మి.మీ. స్టీలు షాఫ్టులు, లీనియర్ బేరింగులే తగినవి. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును మళ్లించే స్విచ్చులు), ఎస్ఎంపీఎస్‌లు (ఇంటి కరెంటును మోటారుకి తగ్గ తక్కువ వోల్టుల డీసీగా మార్చే పెట్టెలు), స్విచ్చులు దొరుకుతాయి. షాఫ్టులు, బేరింగుల కోసం బేరింగుల షాపులు తిరగాల్సిందే.

రెండు షాఫ్టులు సమాంతరంగా లేకపోతే ఒక మి.మీ. తేడాకే లిఫ్టు ఒక చోట బిగుసుకుంటుంది. 19 మి.మీ. ప్లైవుడ్ వానాకాలం తేమకు కొద్దిగా మారుతుంది కూడా. ఒక షాఫ్టును గట్టిగా బిగించి, రెండోదాన్ని కాస్త వదులుగా ఉంచి, ప్లాట్‌ఫాంని చేత్తో పైకీ కిందికీ నాలుగుసార్లు ఆడించి, అది ఎక్కడ కుదురుకుంటే అక్కడ బిగిస్తారు. టేపు పెట్టి కొలవడం కన్నా ఇది నమ్మకం.

## ఆగాల్సిన చోట ఆగడం

ప్రొజెక్టర్లు, ఏవీ రిసీవర్లలో చాలావాటికి వెనక 12 వోల్టుల ట్రిగ్గర్ జాక్ ఉంటుంది. యంత్రం ఆన్ అయితే అందులోకి 12 వోల్టులు వస్తాయి. ఇది మోటారు నడపడానికి కాదు. అందులోంచి వచ్చే కరెంటు చాలా తక్కువ, ఒక చిన్న రిలేని లాగడానికే సరిపోతుంది. ఆ రిలే వేరే ఎస్ఎంపీఎస్ నుంచి మోటారుకి కరెంటు పంపుతుంది. రిలే లాగితే మోటారుకి ప్లస్ మైనస్ ఒక వైపు, వదిలితే తిరగబడి రెండో వైపు. ప్రొజెక్టర్ ఆన్ అయితే స్పీకర్ లేస్తుంది, ఆఫ్ అయితే దిగుతుంది. కంప్యూటర్ బోర్డు, ప్రోగ్రామింగ్ ఏవీ అక్కర్లేదు.

చివర్లలో ఆపేది లిమిట్ స్విచ్. ప్లాట్‌ఫాం పైకి చేరి స్విచ్ నొక్కగానే మోటారు లైను తెగుతుంది. లైను తెగితే మళ్లీ కిందికి ఎలా దిగుతుంది? అందుకే స్విచ్‌కి అడ్డంగా ఒక డయోడ్ వేస్తారు. డయోడ్ కరెంటును ఒకే వైపు పోనిస్తుంది. పైకి తీసుకెళ్లే కరెంటుని అడ్డుకుని, కిందికి తెచ్చే కరెంటుని వదులుతుంది. కొనుక్కునే యాక్చుయేటర్లలో చాలావాటికి ఈ ఏర్పాటు లోపలే ఉంటుంది. లోపలిది రాడ్డు చివరి దాకా వెళ్లాకే ఆగుతుంది కాబట్టి, మధ్యలో ఆపాలంటే బయట వేరే స్విచ్ పెట్టుకోవాలి.

అడాప్టర్ ఎంపికలో ఒక చిన్న మోసం ఉంది. మోటారు నడిచేటప్పుడు 1 ఆంపియర్ తీసుకుంటుందని 2 ఆంపియర్ల అడాప్టర్ పెడితే, కదిలే తొలి క్షణంలో అది అంతకు కొన్ని రెట్లు అడుగుతుంది. అడాప్టర్ భయపడి ఆగిపోతుంది, మళ్లీ ప్రయత్నిస్తుంది, మళ్లీ ఆగుతుంది. స్పీకర్ టక్ టక్ అంటూ నిలబడిపోతుంది. మోటారు చెడిందని మార్చేసే కేసుల్లో కొన్ని నిజానికి ఇవే.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఏం జరగాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. పైన చెప్పిన రిలేతో అయితే, కరెంటు రాగానే ప్రొజెక్టర్ ఆఫ్‌లోనే ఉంటుంది కాబట్టి స్పీకర్ తనంతట తానే దిగడం మొదలుపెడుతుంది. ఆ సమయంలో హాల్లో పెద్దవాళ్లు ఉండకపోవచ్చు. కరెంటు వచ్చాక ఎవరో ఒకరు బటన్ నొక్కితేనే కదిలేలా ఇంకో రిలే కలపడం ఉత్తమం.

## బలం ఎక్కువైతే

ఆన్‌లైన్‌లో 1,500 న్యూటన్ల యాక్చుయేటర్ కనిపిస్తే, ఎందుకైనా మంచిదని అదే కొంటారు. 1,500 న్యూటన్లంటే సుమారు 150 కిలోల తోపు. 20 కిలోల బరువుకు 196 న్యూటన్లు కావాలి. రాపిడిని కలుపుకుని 400 నుంచి 500 న్యూటన్లు చాలు. మిగిలిన బలం ఎక్కడికీ పోదు, దిగే ప్లాట్‌ఫాంకీ యూనిట్ అంచుకీ మధ్య పిల్లాడి వేలు పడినప్పుడు అక్కడ పనిచేస్తుంది.

దీనికి ఒక తేలికైన విరుగుడు ఉంది. ప్లాట్‌ఫాంని యాక్చుయేటర్‌కి బోల్టు వేసి బిగించకుండా, దాని మీద ఊరికే ఆనించి ఉంచడం. పైకి తోసేటప్పుడు యాక్చుయేటర్ తోస్తుంది. దిగేటప్పుడు అది కిందికి పోతుంటే ప్లాట్‌ఫాం సొంత బరువుతో వెంట దిగుతుంది. మధ్యలో ఏదైనా అడ్డు తగిలితే ప్లాట్‌ఫాం అక్కడే ఆగుతుంది, యాక్చుయేటర్ ఖాళీగా కిందికి వెళ్లిపోతుంది. నొక్కేది 20 కిలోలే, 150 కిలోలు కాదు. 20 కిలోలు కూడా పిల్లల వేలికి తక్కువేం కాదు. పైగా అడ్డు తీయగానే ప్లాట్‌ఫాం ఆ ఖాళీలోకి ధడాలున పడుతుంది. అందుకని అంచుకు మెత్తటి స్పాంజి పట్టీ, పక్కలకు కవరు కూడా కావాలి. మోటారు లాగే కరెంటు పెరగగానే ఆపేసే సర్క్యూట్ వీటికి అదనపు రక్ష.

## లేచాక గలగల

అన్నీ కుదిరి స్పీకర్ లేచాక ఇంకో కొత్త శబ్దం మొదలవుతుంది. విలన్ గొంతు బొంగురుగా మోగినప్పుడల్లా ఎక్కడో గలగల. కదలాలంటే పట్టాల్లో కాస్త సందు ఉండాలి, సందు ఉంటే మోత ఉంటుంది. పైన ఆగే చోట ప్లాట్‌ఫాం రెండు రబ్బరు దిమ్మలకు గట్టిగా ఒత్తుకునేలా లిమిట్ స్విచ్‌ని సర్దితే ఇది చాలావరకు పోతుంది. సెంటర్ స్పీకర్‌కి 80 హెర్ట్జ్ కింది స్వరాలు పంపకుండా, వాటిని సబ్‌వూఫర్‌కి మళ్లించేలా రిసీవర్లో పెట్టుకున్నా వణుకు తగ్గుతుంది. మూత ఇంకో దోషి. స్పీకర్ తోసుకుంటూ తెరిచే కీలు మూత వెనక్కి వాలి టీవీ యూనిట్‌కి తగులుతూ మోగుతుంది. మూతను ప్లాట్‌ఫాంకే బిగించి, అది స్పీకర్ నెత్తి మీద గొడుగులా లేచేలా చేస్తే కీలూ ఉండదు, మోతా ఉండదు.

స్పీకర్ వైరు రోజూ రెండుసార్లు వంగుతుంది, ఏడాదికి 700 సార్లకు పైనే. సన్నటి పోగులు ఎక్కువున్న మెత్తటి వైరు వాడి, పొడవుగా వదులు ఉంచాలి. గదికి తగ్గట్టు శబ్దాన్ని సర్దుకోవడానికి రిసీవర్ మైకుతో చేసే కాలిబ్రేషన్ కూడా స్పీకర్ పైకి లేచి, తెర దిగి ఉన్నప్పుడే చేయాలి. గుడ్డ మింగేసే పై స్వరాలను రిసీవర్ సరిచేసుకునేది అప్పుడే. స్పీకర్ కింద ఉన్నప్పుడు టీవీ వార్తలకూ దాన్నే వాడుకునేవాళ్లకు రెండో సెట్టింగ్ విడిగా దాచుకునే వీలున్న రిసీవర్ కావాలి.

చివరిగా పాడైనప్పటి సంగతి. లిఫ్టు కింద ఉండగా పాడైతే సినిమా రాత్రి ఒకటి పోతుంది. పైన ఉండగా పాడైతే స్పీకర్ టీవీకి అడ్డంగా నిలబడిపోతుంది, జారకుండా ఉండాలని ఏరికోరి తెచ్చిన స్క్రూ ఇప్పుడు చేత్తో నొక్కినా దిగదు. స్క్రూ పైచివర రెంచి పట్టేలా ఒక నట్టు వదిలిపెడితే చేత్తో తిప్పుకుంటూ దించవచ్చు. యాక్చుయేటర్ అయితే దాన్ని అడుగున పట్టి ఉంచే పిన్ను లాగితే చాలు, ఇద్దరు పట్టుకుని స్పీకర్‌ని దించుకోవచ్చు. ఆ నట్టు, ఆ పిన్ను టీవీ యూనిట్ విప్పకుండానే చెయ్యి అందే చోట ఉండాలి. ఏడున్నర సీరియల్ మొదలయ్యే లోపు విప్పి, దించి, మళ్లీ బిగించే టైము ఎవరికీ ఉండదు.